ఒహాయో స్టేట్ కాలేజీ టీమ్ (అమెరికన్ ఫుట్‌బాల్) 2024 సీజన్: మిషిగన్ చేతిలో ఓడాక ఇక మిగిలిందేంటి?

బక్కై_బాబ్జీ · నవంబర్ 30, 2024

13-10. అదీ మన స్టేడియంలో, లక్ష మంది ముందు. అప్పటికే ఐదు మ్యాచ్‌లు ఓడి వచ్చిన మిషిగన్ చేతిలో. మనం దాదాపు 20 పాయింట్ల తేడాతో గెలుస్తామని పందేల లెక్కలన్నీ చెప్పిన మ్యాచ్ ఇది.

వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే డేవిస్ వారెన్ ఆట మొత్తం మీద పాసుల్లో సంపాదించింది 62 యార్డులు. ఒక్క టచ్‌డౌన్ పాస్ లేదు, పైగా రెండు ఇంటర్‌సెప్షన్లు, అంటే విసిరిన బంతి మనకే చిక్కింది. అలాంటి టీమ్ మీద ఓడాలంటే చాలా కష్టపడాలి. మనవాళ్ళు పడ్డారు. జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా లాంటి రిసీవర్లను పక్కన నిలబెట్టుకుని, బంతిని తీసుకెళ్ళి నేరుగా వాళ్ళ డిఫెన్స్ మధ్యలో ఉన్న మేసన్ గ్రాహమ్ పొట్టలోకి పరిగెత్తించారు. సెకండాఫ్‌లో మన స్కోరు సున్నా.

మన కోచ్ ర్యాన్ డే లెక్క మిషిగన్ మీద 1-4 అయింది. ఇది వరుసగా నాలుగో ఓటమి. నా మాట ఒక్కటే: తీసేయండి. జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ దాకా కూడా ఆగక్కర్లేదు.

పావెల్_పెద్దన్న · నవంబర్ 30

నేను స్టేడియంలోనే ఉన్నా బాబ్జీ, ఇప్పుడే ఇంటికొచ్చా. ఆట కంటే తర్వాత జరిగిందే ఎక్కువ బాధగా ఉంది. మిషిగన్ వాళ్ళు జెండా తెచ్చి మైదానం మధ్యలో పాతబోవడం, మన జాక్ సాయర్ దాన్ని కర్ర నుంచి పీకేయడం, తోపులాట, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టడం. పిల్లల్ని తీసుకుని గబగబా బయటపడ్డాం.

డే విషయానికొస్తే, 66 గెలిచి 10 ఓడిన కోచ్‌ని తీసేసి ఎవర్ని తెస్తావు? పేరు చెప్పు, తర్వాత మాట్లాడదాం.

ఆన్‌ఆర్బర్_అనూరాధ · నవంబర్ 30

మిషిగన్ వైపు నుంచి నమస్కారం అందరికీ. వంట చేసుకుంటూ ఇటుగా వెళ్తూ చూశాను.

డే గారిని తీసేయొద్దండీ. మాకు చాలా అలవాటైపోయారు.

బక్కై_బాబ్జీ · నవంబర్ 30

అనూ అక్కా, ఇవాళ ఒక్కరోజు వదిలెయ్.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · డిసెంబర్ 1

తిట్లు అయిపోయాయా? ఇక ఆట సంగతి మాట్లాడుకుందాం.

అసలు గోల ఒఫెన్సివ్ లైన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి ముందు నిలబడి కాపాడేవాళ్ళలో ఉంది. అక్టోబర్ 12న ఆరెగాన్‌లో లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు పోయింది. నెబ్రాస్కా మ్యాచ్‌కి ఇంకొకర్ని పెడితే అతనికీ దెబ్బ తగిలింది, ఆ ఆట 21-17తో గట్టెక్కాం. దాంతో గార్డ్ ఆడే డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపారు. అది కుదిరిందనుకునే లోపు ఇండియానా మ్యాచ్ వారంలో ప్రాక్టీసులో సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్ మడమ నరం తెగింది. అంటే నిన్న ఆడిన లైన్‌లో ఎడమ పక్కన, మధ్యలో ఎవరూ ఆగస్టులో అనుకున్న చోట లేరు.

ఇంతవరకు ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ మధ్యలో బలం లేదని తెలిసి, ఎదురుగా దేశంలోనే గట్టి డిఫెన్సివ్ టాకిల్స్ ఇద్దరున్నారని తెలిసి, మళ్ళీ మళ్ళీ మధ్యలోకే పరిగెత్తడం ఏందో నాకు అర్థం కాలే. పరుగుల్లో మొత్తం వచ్చింది 77 యార్డులు. వాళ్ళ మెయిన్ కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ గాయంతో ఆడనే లేదు, అయినా స్మిత్‌కి లోతుగా బంతి వెయ్యలేదు. "మిషిగన్ మీద మేం కూడా మొండిగా ఆడగలం" అని నిరూపించుకోవాలన్న పట్టుదల తప్ప ఇందులో వేరే లెక్క కనపడలే.

మన కిక్కర్, పేరు ఫీల్డింగ్, రెండు ఫీల్డ్ గోల్స్ (మూడు పాయింట్ల కిక్‌లు) వదిలాడు, రెండూ 40 యార్డుల లోపలివే. అందులో ఒకటి పడినా ఆట వేరే ఉండేది. కానీ 10 పాయింట్లు చేసి కిక్కర్ మీద పడటం న్యాయం కాదు.

కొత్తగా_వచ్చిన_కీర్తి · డిసెంబర్ 1

హాయ్, నేను ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను. క్యాంపస్‌లో పోయిన వారమంతా మిషిగన్ మీద కోపంతో ఎక్కడ ఎమ్ అక్షరం కనిపిస్తే అక్కడ ఎర్ర టేపుతో కొట్టేశారు. మా డిపార్ట్‌మెంట్ బోర్డు మీద కూడా! ముందు ఏదో రిపేర్ అనుకున్నాను.

ఒక డౌట్. మనం 10 గెలిచి 2 ఓడాం. ఇంకా ఛాన్స్ ఉందా, సీజన్ అయిపోయినట్టేనా? నా రూమ్మేట్స్ మాత్రం ఎవరో పోయినట్టు కూర్చున్నారు.

పావెల్_పెద్దన్న · డిసెంబర్ 1

ఛాన్స్ ఉందమ్మా. పోయిన ఏడాది దాకా ప్లేఆఫ్‌లో నాలుగే టీమ్‌లు. ఈ ఏడాది నుంచి పన్నెండు. నాలుగు టీమ్‌ల రోజులైతే నిన్న రాత్రితో కథ ముగిసేది. ఇప్పుడు టీమ్‌లని ఎంచే కమిటీ మనల్ని పన్నెండులో ఎక్కడో ఒకచోట తప్పకుండా పెడుతుంది. మనం ఓడింది రెండే, ఒకటి ఆరెగాన్‌లో ఒక్క పాయింట్ తేడాతో, ఇంకొకటి నిన్న.

మీ రూమ్మేట్స్ ఏడుపు వేరే. ఇక్కడ చాలామందికి మిషిగన్ మ్యాచే సీజన్. మిగతావన్నీ దానికి ముందూ వెనకా వచ్చేవి.

తెనాలి_మాస్టారు · డిసెంబర్ 2

నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. మా అబ్బాయి కొలంబస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడి కోసం చూడటం మొదలుపెట్టి ఇప్పుడు వాడి కంటే నేనే ఎక్కువ చూస్తున్నాను. మిషిగన్ ఆట మాకు రాత్రి పదిన్నరకి మొదలైంది, అయ్యేసరికి ఒంటిగంట దాటింది. మా ఆవిడ లేచి "ఎవరి పిల్లాడు ఓడిపోయాడండీ ఇంతలా కూర్చున్నారు" అంది.

నా సందేహం ఆట గురించి కాదు. ఈ కుర్రాళ్ళకి జీతాలు ఇస్తున్నారని మావాడు చెప్పాడు. విద్యార్థులకి జీతమేమిటి?

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · డిసెంబర్ 2

మాస్టారూ, ఈ 2024లో యూనివర్సిటీ నేరుగా జీతం ఇవ్వదు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని అనుమతి వచ్చింది. ప్రకటనలు ఉంటాయి, అభిమానులు పోగు చేసిన నిధులుంటాయి. మన టీమ్‌కి ఈ ఏడాది ఆ లెక్కన దాదాపు 2 కోట్ల డాలర్లు అయిందని అథ్లెటిక్ డైరెక్టర్ రాస్ బియార్క్ తనే చెప్పాడు.

దాంతోపాటు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడం కూడా తేలికైంది. క్వార్టర్‌బ్యాక్ విల్ హావర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓలె మిస్ నుంచి, కేలెబ్ డౌన్స్ అలబామా నుంచి వచ్చినవాళ్ళే.

తెనాలి_మాస్టారు · డిసెంబర్ 2

అంటే సుమారు 170 కోట్ల రూపాయలు. నేను పనిచేసిన కాలేజీలో ఫుట్‌బాల్ కొనాలంటే ప్రిన్సిపాల్ గారి సంతకం కోసం నెల ఆగేవాళ్ళం.

బక్కై_బాబ్జీ · డిసెంబర్ 2

నేను చెప్పేదీ అదే మాస్టారూ. 2 కోట్ల డాలర్లు పెట్టి 10 పాయింట్లు.

పావెల్_పెద్దన్న · డిసెంబర్ 3

డబ్బు లెక్క ఒక్కటే చూడకు. ఎగ్బుకా, హెండర్సన్, సాయర్, టుయిమొలొవావ్, బర్క్, రాన్సమ్, జాక్సన్... వీళ్ళలో చాలామంది పోయిన జనవరిలోనే ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోగలిగినవాళ్ళు. మిషిగన్ మీద ఒక్కసారైనా గెలవాలని, టైటిల్ కొట్టాలని ఆగారు. మొదటిది ఇక ఈ జన్మలో లేదు. కాలేజీ రోజులు అయిపోయాయి.

ఇంకో సంగతి. కోచ్ కుటుంబానికి బెదిరింపులు వస్తున్నాయని వింటున్నాం. ఆటని తిట్టండి, ఎప్పుడు ఏ ఎత్తు వేయాలో చెప్పే ప్లేకాలింగ్‌ని తిట్టండి. ఇంటి జోలికి వెళ్ళేవాళ్ళతో నేను ఒక వరసలో కూర్చోను.

ఆన్‌ఆర్బర్_అనూరాధ · డిసెంబర్ 3

పెద్దన్న గారూ, ఈ ఒక్క మాటకి మీ పక్షం. ఆటలో ఓడారు, దానికి పిల్లలేం చేశారు.

(కానీ మీ 2021 బ్యాచ్‌కి బంగారు నిక్కరు ఒక్కటీ రాలేదన్నది గుర్తు చేయకుండా ఉండలేకపోతున్నా.)

కొత్తగా_వచ్చిన_కీర్తి · డిసెంబర్ 3

బంగారు నిక్కరా?? 😅

పావెల్_పెద్దన్న · డిసెంబర్ 3

నిజమే. 1934లో కొత్తగా వచ్చిన కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్, మిషిగన్ అంటే భయమెందుకు, వాళ్ళూ మనలాగే ఒక్కో కాలు దూర్చి ప్యాంటు వేసుకునేవాళ్ళే అన్నాడు. ఆ ఏడాది గెలిచారు. అప్పట్నుంచి మిషిగన్ మీద గెలిచిన ప్రతి ఆటగాడికీ చిన్న బంగారు ప్యాంటు లాకెట్టు ఇస్తారు. 2019 తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. 2020లో కోవిడ్ వల్ల ఆట జరగలేదు, ఆ తర్వాతి నాలుగూ పోయాయి.

మోడరేటర్ · డిసెంబర్ 8

ప్లేఆఫ్ జాబితా వచ్చింది. కొత్త దారం (థ్రెడ్) తెరవొద్దు, ఇక్కడే మాట్లాడుకోండి. గత వారం రెండు పోస్టులు తీసేశాం. ఎందుకో రాసినవాళ్ళకి తెలుసు.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · డిసెంబర్ 8

మనకి 8వ సీడ్. డిసెంబర్ 21న కొలంబస్‌లోనే టెనెసీతో. అది గెలిస్తే క్వార్టర్ ఫైనల్ రోజ్ బౌల్‌లో నంబర్ వన్ ఆరెగాన్.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కమిటీ ర్యాంకింగ్‌లో మనం ఆరో స్థానం. కానీ కాన్ఫరెన్స్ (టీమ్‌ల లీగ్) గెలిచినవాళ్ళలో పై నలుగురికి మొదటి నాలుగు సీడ్‌లు, మొదటి రౌండ్ ఆడకుండా బై ఇవ్వాలన్నది ఈ ఏడాది రూల్. అందుకని తొమ్మిదో ర్యాంకు బాయిసీ స్టేట్‌కి 3, పన్నెండో ర్యాంకు ఆరిజోనా స్టేట్‌కి 4. మనం 8కి జారాం. దీనివల్ల నష్టపోయింది మనం కాదు, ఆరెగాన్. 13 ఆడి 13 గెలిచినవాళ్ళకి బహుమతిగా ఎవర్ని ఇచ్చారు? అందరికంటే ఎక్కువ టాలెంట్ ఉన్న, మంట మీద ఉన్న టీమ్‌ని.

బక్కై_బాబ్జీ · డిసెంబర్ 8

టెనెసీ మీదే ఓడతాం. చలి ఒక్కటే మన వైపు.

పావెల్_పెద్దన్న · డిసెంబర్ 22

వచ్చి రాయడానికి ఓపిక లేదు, గొంతు లేదు. 42-17.

వెళ్ళేటప్పుడు భయమేసింది. స్టేడియంలో ఎటు చూసినా టెనెసీ నారింజ రంగే. మనవాళ్ళు టికెట్లు అమ్ముకున్నారు, వాళ్ళు కొనుక్కుని దక్షిణాది నుంచి ఆ చలిలో వచ్చారు. సొంత ఇంట్లో అతిథిలా కూర్చున్నా. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0, ఆ తర్వాత నారింజ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · డిసెంబర్ 22

చూశారా తేడా? అదే లైన్. అదే హావర్డ్. మొదటి నుంచే బంతిని లోతుగా విసిరారు, స్మిత్‌కి 100 యార్డులు దాటాయి, రెండు టచ్‌డౌన్లు. డిఫెన్స్ వాళ్ళు వెనక్కి జరగక తప్పలేదు, అప్పుడు హెండర్సన్‌కి, జడ్కిన్స్‌కి పరిగెత్తే చోటు దొరికింది. నవంబర్ 30న తలకిందులుగా చేశారు, మధ్యలో తోసి దారి చేసుకుని తర్వాత విసురుదామని చూశారు.

మిషిగన్ మ్యాచ్ తర్వాత ఆటగాళ్ళు, కోచ్‌లు కూర్చుని మొహమాటం లేకుండా మాట్లాడుకున్నారట. అందులో ఏం తిట్టుకున్నారో గానీ మన ఒఫెన్స్ కోచ్ చిప్ కెల్లీ ప్లేకాలింగ్ మాత్రం మారింది.

బక్కై_బాబ్జీ · డిసెంబర్ 22

అంటే నవంబర్‌లోనే ఇలా ఆడి ఉండొచ్చు కదా. ఇది చూస్తే కోపం తగ్గదు, పెరుగుతుంది.

తెనాలి_మాస్టారు · జనవరి 2, 2025

తెల్లవారుజామున మూడున్నరకి అలారం పెట్టుకుని లేచాను. రోజ్ బౌల్. కాఫీ కలుపుకుని వచ్చేలోపు ఒక టచ్‌డౌన్ అయిపోయింది. తాగేలోపు ఇంకొకటి. రెండో క్వార్టర్‌లో 34-0! ఇదే ఆరెగాన్ మీద అక్టోబర్‌లో ఓడారంటే నమ్మబుద్ధి కావడం లేదు. అక్టోబర్ ఆట నేను చూడలేదు, ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · జనవరి 2

అక్టోబర్‌లో 32-31, మాస్టారూ. ఆఖర్లో ఆరెగాన్ ఒక తెలివైన పని చేసింది. పది సెకన్లు మిగిలుండగా మైదానంలోకి 12 మందిని పంపింది. ఫౌల్‌కి ఐదు యార్డులు ఇచ్చుకుంది, కానీ నాలుగు సెకన్లు మింగేసింది. పన్నెండో మనిషి ఉండటంతో మనకి పాస్ దొరకలే. తర్వాతి ఆటలో హావర్డ్ పరిగెత్తి జారి కూర్చునేసరికి టైమ్ అయిపోయింది. ఆ వారంలోనే ఆ సందుని రూల్స్ వాళ్ళు మూసేశారు.

కానీ ఆ రోజు మన అసలు జబ్బు డిఫెన్స్. రిసీవర్లని కాచే మన కార్నర్‌బ్యాక్ బర్క్ వెనక బంతులు వేసి వేసి గెలిచారు. తర్వాత వచ్చిన ఖాళీ వారంలో మన డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ అంతా సర్దాడు. పెన్ స్టేట్ మ్యాచ్ గుర్తుందా? నాలుగో క్వార్టర్‌లో మన గోల్ లైన్‌కి మూడు యార్డుల్లో వాళ్ళకి ఫస్ట్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది, నాలుగూ మనవాళ్ళు ఆపేశారు, 20-13. ఆ రోజు నుంచి ఇది వేరే డిఫెన్స్. నిన్న ఆరెగాన్ క్వార్టర్‌బ్యాక్ గేబ్రియల్‌ని ఎనిమిది సార్లు సాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. ఆరెగాన్ పరుగుల లెక్క మైనస్‌లో ముగిసింది!

స్మిత్ గురించి ఏం చెప్పను, 187 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. ఇంకా ఫ్రెష్‌మన్, కాలేజీలో మొదటి ఏడాది.

బక్కై_బాబ్జీ · జనవరి 2

41-21. బాగుంది. చాలా బాగుంది. డే గురించి నా అభిప్రాయం అక్కడే ఉంది.

కొత్తగా_వచ్చిన_కీర్తి · జనవరి 2

బాబ్జీ అన్నా నిన్న వాచ్ పార్టీలో కుర్చీ ఎక్కి డాన్స్ చేసింది మీరేనా? మెరూన్ టోపీ?

బక్కై_బాబ్జీ · జనవరి 2

అది స్మిత్ కోసం. కోచ్ కోసం కాదు.

ఆస్టిన్_అవినాష్ · జనవరి 6

టెక్సస్ నుంచి నమస్కారం. శుక్రవారం సెమీఫైనల్, కాటన్ బౌల్, ఆర్లింగ్టన్‌లో. మా రాష్ట్రం, మా జనం. ఆరిజోనా స్టేట్ మీద రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి వచ్చాం, గుండెలు గట్టిపడ్డాయి. మీ ఎనిమిదో సీడ్ సరదా ఇక్కడితో సరి.

పైగా మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ మీ దగ్గర చదివి వచ్చినవాడే. 2021లో కొలంబస్‌లో సాయర్, యూవర్స్ ఒకే గదిలో ఉండేవాళ్ళు. మీ రహస్యాలన్నీ మావాడికి తెలుసు.

పావెల్_పెద్దన్న · జనవరి 6

గదిలో ఎవరు ఎవర్ని బాగా గమనించారో శుక్రవారం తెలుస్తుంది తమ్ముడూ.

ఆస్టిన్_అవినాష్ · జనవరి 11

నన్ను ఎవరూ కదిలించొద్దు.

తెనాలి_మాస్టారు · జనవరి 11

ఇక్కడ ఇల్లంతా సంక్రాంతి హడావిడి. అరిసెల పాకం పొయ్యి మీద ఉంది, నేను టీవీ ముందు. 21-14. టెక్సస్ చేతిలో బంతి, గోల్ లైన్‌కి ఒక్క యార్డ్. సమం అయిపోయిందనే అనుకున్నాను. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా అర్థం కాలేదు, ఎవరో ఒకతను బంతి పట్టుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. నేను అరిచిన అరుపుకి పాకం దగ్గరున్న మా ఆవిడ గరిటెతో వచ్చింది.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · జనవరి 11

ఆ ఒకతను సాయర్, మాస్టారూ. కొలంబస్ పక్కనే పికరింగ్టన్ కుర్రాడు.

నాలుగు ఆటలూ చూద్దాం. ఫస్ట్ డౌన్‌లో నేరుగా తోశారు, కదల్లే. సెకండ్ డౌన్‌లో, ఒక్క యార్డ్ కోసం, బంతిని పక్కకి వెనక్కి విసిరి సైడ్ నుంచి వెళ్దామనుకున్నారు. ఏడు యార్డులు వెనక్కి. అవినాష్ అన్నా, మన్నించు, ఆట అక్కడే పోయింది. థర్డ్ డౌన్ పాస్ నేల మీద పడింది. ఫోర్త్ డౌన్‌లో ఎనిమిది యార్డులు కావాలి, పాస్ తప్పదని అందరికీ తెలుసు. సాయర్ లైన్ అంచు నుంచి వచ్చి పాత రూమ్మేట్ చేతిలో బంతిని కొట్టాడు, అది తన చేతుల్లోకే వచ్చింది, 83 యార్డులు. 28-14.

ఫస్టాఫ్ చివరి నిమిషంలో హెండర్సన్ స్క్రీన్ పాస్ (పొట్టి పాస్) పట్టుకుని 75 యార్డులు పరిగెత్తింది కూడా మరవొద్దు. అది లేకపోతే సగం ఆటకి 7-7.

పావెల్_పెద్దన్న · జనవరి 11

నవంబర్‌లో జెండా పీకినప్పుడు సాయర్‌ని చాలామంది ఓడి గొడవపడేవాడని వెక్కిరించారు. ఇక కొలంబస్‌లో ఆ అబ్బాయి కాఫీకి డబ్బులివ్వాల్సిన పని ఉండదు.

ఆన్‌ఆర్బర్_అనూరాధ · జనవరి 18

సోమవారం ఫైనల్‌కి నేను నోటర్ డేమ్ వైపు. మనస్సాక్షి ప్రకారం ఇంకో దారి లేదు. పైగా వాళ్ళ కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఒకప్పుడు మీ లైన్‌బ్యాకరే, కాబట్టి మీకూ మరీ అంత బాధ ఉండదు.

కొత్తగా_వచ్చిన_కీర్తి · జనవరి 20, రాత్రి

మొదటి డ్రైవ్‌లోనే వాళ్ళు 18 ప్లేలు ఆడారు!! పది నిమిషాలు మనకి బంతే లేదు. 7-0. టెన్షన్.

కొత్తగా_వచ్చిన_కీర్తి · జనవరి 20, రాత్రి

సరే ఇప్పుడు 31-7. ఇంత తేడా ఉన్నప్పుడు ఆపేసి పడుకోవచ్చా లేక అలా చేయకూడదా?

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · జనవరి 20, రాత్రి

పడుకోవద్దు.

కొత్తగా_వచ్చిన_కీర్తి · జనవరి 20, రాత్రి

31-23. ఎందుకు చెప్పారండీ ఆ మాట.

బక్కై_బాబ్జీ · జనవరి 21

34-23!!!! జాతీయ ఛాంపియన్లు! ఓ-హెచ్!

పావెల్_పెద్దన్న · జనవరి 21

ఐ-ఓ!

పదేళ్ళ తర్వాత. 2014లో నాలుగు టీమ్‌ల ప్లేఆఫ్ మొదటిసారి పెట్టినప్పుడు నాలుగో సీడ్‌గా వెళ్ళి గెలిచాం. పన్నెండు టీమ్‌లది మొదటిసారి పెడితే ఎనిమిదో సీడ్‌గా గెలిచాం.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · జనవరి 21

ఆఖరి ఆట గురించి రాయకుండా నిద్ర పట్టదు. 31-23, థర్డ్ అండ్ 11 (మూడో ప్రయత్నం, ఇంకా 11 యార్డులు కావాలి), మూడు నిమిషాల లోపు టైమ్. ఏ కోచ్ అయినా పరిగెత్తించి, టైమ్ తగలేసి, పంట్ కొట్టి (బంతిని దూరంగా తన్ని వాళ్ళకి ఇచ్చేసి) డిఫెన్స్ మీద భారం వేస్తాడు. కెల్లీ, డే ఏం చేశారు? స్మిత్ ఒంటరిగా ఒక్క డిఫెండర్ మీద, హావర్డ్ గాల్లోకి లేపాడు, 56 యార్డులు. నవంబర్ 30న వెయ్యలేని బంతి ఇదే.

ఆ తర్వాత 33 యార్డుల ఫీల్డ్ గోల్‌తో తాళం వేసింది ఎవరు? ఫీల్డింగ్. మిషిగన్ మీద రెండు వదిలిన అబ్బాయే. 51 రోజులు ఆ పిల్లాడు ఎలా నిద్రపోయాడో.

జడ్కిన్స్ మూడు టచ్‌డౌన్లు, హావర్డ్ మొదటి 13 పాసులూ చేతికి చేర్చాడు. నాలుగు మ్యాచ్‌ల్లో టెనెసీ, ఆరెగాన్, టెక్సస్, నోటర్ డేమ్. ఇంత కష్టమైన దారిలో వెళ్ళి గెలిచిన టీమ్ నాకు గుర్తులేదు.

ఆన్‌ఆర్బర్_అనూరాధ · జనవరి 21

మనస్ఫూర్తిగా అభినందనలు. నిజంగానే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సీజన్‌ని మీరు పిల్లలకి ఎలా చెప్తారు? "మేం దేశంలో అందర్నీ గెలిచాం, ఒక్క మిషిగన్‌ని తప్ప"? మాది 8-5 టీమ్. మీది ఛాంపియన్ టీమ్. ముఖాముఖి ఎవరు గెలిచారు?

పావెల్_పెద్దన్న · జనవరి 21

అనూ, ఇన్నేళ్ళుగా మిషిగన్ మ్యాచే సీజన్ అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. కాని ఇవాళ నన్ను అడిగితే, నవంబర్ గెలుపు, జనవరి ఓటమి తీసుకో అంటే వద్దంటా. ట్రోఫీయే కావాలి. పాతకాలం వాళ్ళు ఒప్పుకోరు, మా పక్కింటి ముసలాయన నిన్న కూడా "అయినా మిషిగన్..." అనే అన్నాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఓరుగల్లు_ఫోర్త్‌డౌన్ · జనవరి 21

మనకి తెలిసిన లెక్కలో చెప్తా. 2023 వరల్డ్ కప్‌లో ఇండియా వరుసగా పది గెలిచింది, అహ్మదాబాద్‌లో ఒక్కటి ఓడింది. ఆస్ట్రేలియా మొదటి రెండూ ఓడింది, లీగ్‌లో మన చేతిలో కూడా. కప్పు ఎవరిది? ఇప్పుడు ఒహాయో స్టేట్ ఆస్ట్రేలియా అయింది. ఆరెగాన్ వాళ్ళు మనలా కూర్చున్నారు. నాకు సంతోషమే గానీ, 13-0 టీమ్ పాట్లు చూస్తే కొంచెం జాలి కూడా.

పన్నెండు టీమ్‌లు పెట్టాక నవంబర్ ఓటమి ఇంతకుముందులా ప్రాణం తీయదు. దానివల్ల మనం బతికాం. దానివల్లే మిషిగన్ మ్యాచ్ విలువ కూడా పలచబడుతుంది. రెండూ నిజమే. బై దొరికిన నాలుగు టీమ్‌లూ మొదటి ఆటలోనే ఓడాయి కాబట్టి ఈ సీడింగ్ పద్ధతి మార్చాలన్న గొడవ ఎలాగూ వస్తుంది.

ఆన్‌ఆర్బర్_అనూరాధ · జనవరి 21

పలచబడుతుందా? మరి నవంబర్ 30న మీ బాబ్జీ ఏడ్చిన ఏడుపు ఏ లెక్కలో వేస్తారు?

కొత్తగా_వచ్చిన_కీర్తి · జనవరి 21

బాబ్జీ అన్నా, అన్నట్టు మొదటి పోస్టులో "తీసేయండి" అన్నారు. ఇప్పుడు ఏమంటారు?

బక్కై_బాబ్జీ · జనవరి 22

అదే అంటా. 70-10, ఛాంపియన్, అన్నీ ఒప్పుకుంటా, విగ్రహం పెట్టినా దండేస్తా. కానీ ఈ నవంబర్‌లో ఆన్ ఆర్బర్‌లో మళ్ళీ మధ్యలోకి పరిగెత్తిస్తే ఇదే దారంలోకి వచ్చి ఇదే రాస్తా. ట్రోఫీ ఇచ్చినంత మాత్రాన ఆ 77 యార్డులు ఎవరూ మాఫీ చేయలేరు.

తెనాలి_మాస్టారు · జనవరి 22

పరీక్షలో ఫస్ట్ క్లాస్ వచ్చినా ఒక సబ్జెక్టులో ఎందుకు తగ్గిందని అడిగే తండ్రి ఉంటాడు. నేను ఆ తండ్రినే కాబట్టి బాబ్జీని ఏమీ అనలేను.

పావెల్_పెద్దన్న · జనవరి 27

నిన్న స్టేడియంలో సంబరం అయింది. ఎముకలు కొరికే చలిలో కూడా జనం బాగా వచ్చారు. ఇంటికొచ్చి ఫోన్ చూస్తే జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్తున్నాడని వార్త. దేశంలో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ కోచ్, సగటున 13 కూడా ఇవ్వలేదు, సంబరం రోజునే పక్క టీమ్‌కి.

బక్కై_బాబ్జీ · జనవరి 27

ఒక్క వారం కూడా ప్రశాంతంగా ఉండనివ్వరా.

ఆస్టిన్_అవినాష్ · జనవరి 28

కాస్త కోలుకున్నా. విషయం ఏంటంటే ఆగస్టు 30న సీజన్ మొదటి మ్యాచ్‌కే టెక్సస్ కొలంబస్ వస్తోంది. నేనూ వస్తున్నా, మా బావమరిది కూడా. టికెట్లు ఎలాగో సంపాదిస్తాం. కారు ఎక్కడ పెట్టాలి, స్టేడియం దగ్గర దొరుకుతుందా?

పావెల్_పెద్దన్న · జనవరి 28

లేన్ అవెన్యూ వైపు పొరపాటున కూడా రాకు, ఆట రోజు సైకిల్ పెట్టడానికి చోటుండదు. ముందురోజే మా ఇంటికి వచ్చెయ్యండి, ఉదయం టిఫిన్ చేసి నా కారులో కలిసి వెళ్దాం. ఆ నారింజ చొక్కాలు మాత్రం గేటు దాటాకే వేసుకోండి, మా వీధిలో నాకు పరువుంది.